అప్ప మెచ్చిన దెయ్యం

మొన్న ఈ చలికాలపు మొదటి పచ్చి బఠాణీలు తెచ్చుకుని వరండాలో ఒలుస్తూ కూర్చున్నాను. లోపల టీవీలో ఎవరో పాత తలుపు తీస్తున్నారు. తలుపు కిర్రుమంటోంది, వెనకనుంచి వయొలిన్లు సన్నగా ఏడుస్తున్నాయి. ఉన్నట్టుండి నా చేతుల వైపు చూసుకుంటే వేళ్లు గబగబా పరుగెడుతున్నాయి. తొక్కలు గిన్నెలో పడుతున్నాయి, గింజలు చెత్తబుట్టలో పడుతున్నాయి. గట్టిగా నవ్వేశాను. ఆ అలవాటు నాది కాదు, అప్పది.

మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం. జంషెడ్‌పూర్‌లో, కాసిడీహ్‌లో మేమున్న వీధిలోని తెలుగువాళ్లందరికీ ఆవిడ అప్పే. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. భర్త ఉక్కు కార్ఖానాలో క్రేన్ నడిపేవాడు. ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉండేది. నడిచేటప్పుడు రెండు మోచేతులూ బయటికి పెట్టి, సాక్చి బజారు రద్దీని తోసుకుంటూ వెళ్లేది. కూరగాయలవాడితో ఆవిడ మాట్లాడేది సగం తెలుగు, సగం హిందీ. అయినా ఎప్పుడూ గెలిచేది ఆవిడే. వీధికుక్కన్నా, తాగుబోతన్నా, ఇంటి యజమానన్నా ఆవిడకు లెక్క లేదు. ఒక్క దెయ్యమంటేనే భయం. అలాంటి మనిషి ఊళ్లో ఆడిన భూతాల సినిమా ఒక్కటి కూడా వదలకుండా చూసిందంటే అది మా పుణ్యమే.

ఆ రోజుల్లో మా ఇళ్లలో సినిమాకి ఒక పద్ధతి ఉండేది. మగవాళ్లకు బి-షిఫ్టు పడిన వారం, మధ్యాహ్నం సైరన్ వేళకి వాళ్లు సైకిళ్లెక్కి గేటు వైపు వెళ్లిపోతే రాత్రి దాకా ఇల్లు మాది. మాట్నీ ఆ వారంలోనే కుదిరేది. నేను పనిచేసే బడి పొద్దుటి పూట కాబట్టి నాకూ ఖాళీయే. కాకపోతే కొత్త కోడళ్లు తమంతట తాము హాలుకి వెళ్లకూడదు. వెంట ఒక పెద్ద ముత్తయిదువ ఉంటేనే అత్తగార్లు ఒప్పుకునేవారు. ఆ ముత్తయిదువ అప్ప. కోడళ్లకేమో దెయ్యాల సినిమాలే కావాలి. ఏడుపు సినిమాకి టిక్కెట్టు దేనికి, అది ఇంట్లోనే ఉంది కదా అని ఒకమ్మాయి అనేది.

అప్పను బయల్దేరదీయడం పెద్ద పని. మోకాలు నొప్పనేది, బియ్యంలో రాళ్లేరాలనేది, ఈ వారం మంచిది కాదనేది. కోడళ్లు మూతులు ముడుచుకుని వెనక్కి తిరిగేసరికి, చెప్పులు వేసుకుంటూ, "నాను రాకపోతే మిమ్మల్నెవులు తీసుకెల్తారే" అని విసుక్కుంటూ వచ్చేది.

హాల్లో ఆడవాళ్ల వరసలో గోడ పక్క సీటు ఆవిడది. కూర్చోగానే పైటకొంగు ముఖం మీదికి లాక్కునేది. ఒళ్లో స్టీలు గిన్నె, సంచీలో బఠాణీలు. బఠాణీల కాలం కాకపోతే గోరుచిక్కుళ్లు. తెర వైపు చూడకుండా ఒలుచుకుంటూ కూర్చునేది. భయం ఎంతుందో ఆ చప్పుడే చెప్పేది. తెరమీద పొగమంచు కమ్మితే గింజలు ఒక్కొక్కటే పడేవి. మెట్ల మీద అడుగులు వినపడితే వడగళ్లే. ముందు వరసలో ఒక పెద్దమనిషి ఒకసారి వెనక్కి తిరిగి, అమ్మా, ఆ దెయ్యాన్ని ఎలాగో ఓర్చుకుంటాను గానీ మీ గిన్నెతో గుండె ఆగిపోయేలా ఉందని హిందీలో చెప్పి దణ్ణం పెట్టాడు.

కొంగులోంచి నన్ను అడుగుతూనే ఉండేది, "ఎల్లిపోనాదా, పంతులమ్మా?" అని. వెళ్లిపోయింది అప్పా అంటే కొంగు కాస్త జరిపేది. ఒకసారి కోడళ్లు కుట్ర చేసి నాకంటే ముందే, వెళ్లిపోయింది అన్నారు. కొంగు తీసేసరికి తెర నిండా పళ్లు. అప్ప పెట్టిన కేకకి హాలంతా దెయ్యాన్ని వదిలేసి మా వైపు తిరిగింది.

ఇంతా చేసి, సినిమా గురించి ఆవిడకున్నన్ని అభిప్రాయాలు పూర్తిగా కళ్లు తెరిచి చూసినవాళ్లకి కూడా ఉండేవి కావు. తిరుగుదారిలో సాక్చిలో బండి దగ్గర ఆకుదొన్నెల్లో ఉడికించిన బఠాణీల ఘుగ్నీ తింటూ తీర్పు చెప్పేది. ఇంటికెళ్లి నేను ఆ మాటలు డైరీలో రాసుకునేదాన్ని. సినిమా కథలు నాకు గుర్తులేవు గానీ ఆ తీర్పులు మాత్రం గుర్తున్నాయి.

పాత నలుపు తెలుపు సినిమాలంటే ఆవిడకు గౌరవమే. వాటిలో దెయ్యం తొందరపడదు. కిటికీ దగ్గర నిలబడుతుంది, పాట పాడుతుంది, మనల్ని చూసి వెళ్లిపోతుంది. అయితే వాటిలో ఒక మోసం ఉందని ఆవిడ ఫిర్యాదు. చాలావాటిలో చివరికి దెయ్యమే ఉండదు. ఆస్తికోసం బంగళా మేనేజరు ఆడించిన నాటకం అని తేలుతుంది. అలా తేలిన రోజు అప్పను పట్టలేకపోయేవాళ్లం. "మూడు గంటలు నాను బయపడితే, ఆకర్న అది దెయ్యం కాదు, మేనేజరంటారేటి? మరి నా బయం ఎవులిత్తారు తిరిగి?" అనేది, ఘుగ్నీవాడే ఆ మేనేజరన్నట్టు అతని మీదికి వెళ్తూ.

రంగుల్లో వస్తున్న కొత్తవాటి మీద అసలు దయ లేదు. రబ్బరు ముఖం, గోళ్లు, సమాధి పగలగొట్టుకుని రావడం, కనిపించినవాళ్లని చంపడం. "అది దెయ్యవా, పిచ్చికుక్కా? ఎదురొచ్చినోడ్నల్లా కరిసేత్తంది. ఎవల్మీద కోపవో దానికే తెలీదు. పాత దెయ్యానికి ఓ మాటుంటాది. ఆ మాట సెప్పుకున్నాక మనకే జాలేత్తాది."

మా ఊరికి మాత్రం దెయ్యాలు రావని ఆవిడకు గట్టి నమ్మకం. కార్ఖానాలో కరిగిన ఇనుప చిట్టెం పారబోసినప్పుడల్లా రాత్రి ఆకాశమంతా ఎర్రబడుతుంది కదా, పెరట్లో సూది పడినా కనిపిస్తుంది. అంత వెలుతురులో ఏ దెయ్యం బతుకుతుంది, బిడియపడి నది దాటి పోతుంది అనేది.

అందుకే రత్నం మీదికి దెయ్యం వచ్చిందన్న కబురు ఆవిడను అంతగా కుదిపేసింది.

రత్నం మా పక్కింటి మేడ మీది కోడలు. మెట్రిక్ పాసై వచ్చింది. ఆ ఏడు ఊళ్లోని ఒక ఆస్పత్రిలో నర్సు శిక్షణకి దరఖాస్తు పెడితే పిలుపు వచ్చింది. దసరా పూజా సెలవులు కాగానే చేరాలి. మామగారు కుదరదన్నాడు. పరాయివాళ్ల పుండ్లు కడిగే గతి మా ఇంటికి పట్టలేదన్నాడు. అత్తగారు ఆయన మాటనే మళ్లీ అంది. మొగుడు మంచివాడే గానీ తండ్రి ఎదుట నోరు లేదు. రత్నం ఏడవలేదు, అలగలేదు. ఆ బి-షిఫ్టు వారం మాతోపాటు మాట్నీకి వచ్చి, పాత హవేలీలోంచి కొత్తరకం భూతం లేచే సినిమా ఒక్కసారి కూడా కళ్లు మూసుకోకుండా చూసింది. ఎంత ధైర్యం ఈ పిల్లకి అనుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే, మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేసరికి రత్నం అత్తగారు అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. "మా పిల్ల మీదకి ఏదో వచ్చీసినాది అప్పా. జుట్టు ఇరబోసుకుని హిందీలో అరుత్తంది. ఇత్తడి బిందె గోడకేసి కొట్టీసినాది" అంది. రత్నానికి వంకాయలు బేరం చేసేంత హిందీ కూడా రాదు. అందుకే ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరింది. మామగారు అప్పుడే సువర్ణరేఖ నది అవతలినుంచి ఒక ఓఝాని మాట్లాడేశాడు. భూతవైద్యంలో గట్టివాడట. ఆదివారం వచ్చి మిరపకాయల పొగ వేసి చీపురుతో కొట్టి వదిలిస్తాడట. ఆ తర్వాత పిల్లని రైలెక్కించి పుట్టింటికి పంపేస్తారు. మళ్లీ ఎప్పుడు తీసుకొస్తారని నేను అడిగితే, అది ఆయన ఇష్టం అంది.

అప్ప ముఖం తెల్లబోయింది. సినిమాకి తీసుకెళ్లింది ఆవిడే కాబట్టి వెళ్లక తప్పదు. "పంతులమ్మా, నువ్వు ముందెల్లు. నాను నీ ఎనకే" అని నా పైటచెంగు పట్టుకుని మెట్లెక్కింది. గుమ్మం దగ్గరే తన కొంగు ముఖం మీదికి లాక్కుంది.

గదిలో రత్నం మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే లేచింది. మెడ ఒక పక్కకి వాల్చి, వేళ్లు గోళ్లలా వంచి, ఒక కాలు ఈడుస్తూ రెండడుగులు వేసింది. నేను తిరిగి వచ్చాను, ఒక్కర్నీ వదలను అని హిందీలో గర్జించింది. నా ఒళ్లు జలదరించిన మాట నిజం. నా వెనక కొంగు కదిలింది. ముందు ఒక కన్ను కనిపించింది, తర్వాత రెండోది. తర్వాత అప్ప కొంగు పూర్తిగా తీసేసి నడుముకి దోపుకుంది. అన్నేళ్లలో దెయ్యం వైపు ఆవిడ అంత తిన్నగా చూడడం అదే మొదలు.

దీనికి పసుపునీళ్లు కావాలి, నిప్పు కూడా కావాలి, తులసికోట దగ్గర కూర్చుని పిలిచేదాకా పైకి రావద్దని చెప్పి అత్తగార్ని కిందికి పంపేసింది. తలుపు గడియ వేసింది. నడుం మీద చేతులు పెట్టుకుని రత్నం ముందు నిలబడింది.

"ఏటే, ఇన్ని దెయ్యాలుండగా మొన్నటి ఆ దిక్కుమాలిన సినిమా దెయ్యవే దొరికినాదా నీకు?"

రత్నం ఒక్క క్షణం మెడ అలాగే వంచి చూసింది. తర్వాత మెడ తిన్నగా అయింది. మంచం మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. ఇంకేం చేయను అప్పా, మనిషిగా అడిగితే ఎవరూ వినలేదు, దెయ్యంగా అయినా వింటారనుకున్నాను అంది. చదువు సంగతి ఇంకా అడగనే లేదు, ఈలోగా ఓఝాని మాట్లాడేశారు అంది.

అప్ప తిట్టలేదు. అందరికీ చెప్పేస్తానని బెదిరించలేదు. పక్కన కూర్చుని, ఘుగ్నీ బండి దగ్గర మాకు చెప్పినంత తాపీగా ఆ పిల్లకి సినిమాల సంగతి చెప్పింది. "కొత్త దెయ్యాన్ని సూత్తే ఓఝాని పిలుత్తారు. పాత దెయ్యం వత్తే కుర్చీ ఏత్తారు. నువ్వు పాత దానివైపో."

ఆ గంటసేపు మేం ముగ్గురం పడిన హడావుడి తలుచుకుంటే నాకిప్పటికీ ఉత్సాహం వస్తుంది. అరుపులు మానేయాలి. జుట్టు వదులుగా జడ వేసుకోవాలి. కిటికీ దగ్గర కూర్చోవాలి. ఎవరైనా పిలిస్తే వెంటనే తిరగకూడదు. హిందీ వద్దు, మన మాటే మాట్లాడాలి. గిన్నె ఒక్కటి కూడా విసరకూడదు, గిన్నెలకి సొట్టలు పడితే అత్తగార్లకి జాలి పోతుంది. అడిగేది ఒక్కటే అడగాలి. ఆ దెయ్యానికి కథ కూడా అప్పే కట్టింది. చదువుకుని నర్సు కావాలని ఆశపడి, ఆ ఆశ తీరకుండానే జ్వరంతో పోయిన పిల్ల. ఆస్పత్రి గేటు దగ్గర రత్నాన్ని చూసి మీదికి వచ్చింది. ఆ చదువు పూర్తయితేనే వదులుతుంది. దెయ్యానికి ఒక పేరు, ఊరు ఉండాలి కదా అని బడిపంతులమ్మ బుద్ధితో నేను అడిగాను. అప్ప ఒప్పుకోలేదు. ఊరు చెప్పామా, మనవాళ్లు ఎవరింటి పిల్ల, ఇంటిపేరేమిటి, ఫలానావాళ్లకి ఏమవుతావు అని మొదలుపెడతారు, దెయ్యమైనా సరే వదలరు అంది. అది నిజమే. మా ఊరి టాటానగర్ స్టేషన్‌లో ఏ తెలుగువాడు కనిపించినా మేం మొదట అడిగే మాట అదే.

మర్నాడు మామగారు షిఫ్టుకి వెళ్లాక, మాట్నీ వేళకి, మేం మళ్లీ వెళ్లాం. కర్టెన్ సగం వేసి ఉంది. రత్నం కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తోంది. అత్తగారు పసుపునీళ్ల గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. అప్ప, నేను ఆవిడ వెనక నిలబడ్డాం. రత్నం పిలిచినా తిరగలేదు, రెండోసారి పిలిస్తే నెమ్మదిగా తిరిగింది. నాకు చదువుకోవాలనుంది అంది, మెల్లగా, ఎక్కడో దూరంనుంచి మాట్లాడుతున్నట్టు. నర్సు చదువు చదవాలనుంది, చదవకుండానే పోయాను, ఈ పిల్ల చదివితే నేను వెళ్లిపోతాను అంది. బాగా చేసింది. అప్ప నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

అప్పుడు అత్తగారు అడిగింది, "ఏ ఊరమ్మా నీది?"

అప్ప చెయ్యి బిగుసుకుంది. రత్నం ఏమీ అనకుండా ఉండాల్సింది. కానీ పందొమ్మిదేళ్ల పిల్ల, పెద్దవాళ్లు ఊరడిగితే చెప్పే అలవాటు. తన ఊరు చెప్పకూడదని మాత్రం గుర్తుంది. నోటికి వచ్చిన ఇంకొక ఊరు చెప్పేసింది. తాళ్లవలస అంది. అది అత్తగారి పుట్టినూరు. ఇంట్లో రోజూ వినే పేరు కాబట్టి నాలుక మీదికి అదే వచ్చింది.

అయిపోయింది అనుకున్నాను. అత్తగారు గిన్నె కింద పెట్టింది. రత్నం దగ్గరికి వెళ్లి, ముఖంలోకి ముఖం పెట్టి చూసింది.

"పైడమ్మవేటే?" అంది. "నా పైడమ్మవేనా?"

రత్నం బిత్తరపోయింది. అత్తగారు ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి బడికి వెళ్లేవారట. పైడమ్మ బాగా చదివేదట. ఊరికి సూదిమందు వేయడానికి వచ్చిన నర్సమ్మని చూసి తానూ అలా అవుతానని అందరికీ చెప్పేదట. బడి మాన్పించి పెళ్లి చేశారు. అదే ఏడు పురిటి జ్వరంతో పోయింది. ఆ సంగతి ఆవిడ ఆ ఇంట్లో ఎవరికీ, ఎప్పుడూ చెప్పలేదట. చెప్పుకోవడానికి అందులో ఏముంది, ఆడపిల్ల పోవడమే కదా అనుకుందట. ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగావే, అన్నమేనా తిన్నావా అని రత్నం తల నిమురుతూ ఏడ్చింది. లేచి వెళ్లి పెరుగన్నం కలిపి తెచ్చి ముద్దలు పెట్టింది. రత్నం కళ్లలోంచి నీళ్లు కారుతున్నా ముద్ద వదలకుండా తింది.

నా పక్కన అప్ప గోడకి అతుక్కుపోయింది. కొంగు మళ్లీ ముఖం మీదికి వచ్చేసింది. మెట్లు దిగుతూ నా భుజం వదల్లేదు. "ఆ కత నాను కట్టిందే గదా, పంతులమ్మా? నిన్న నీ ఎదర్నే గదా కట్టినాను?" అని అడిగింది. అవునన్నాను. "మరి ఆ పైడమ్మెలగ వచ్చినాది అందులోకి?" అంది. చదువుకోవాలనుకుని పోయిన ఆడపిల్ల ప్రతి ఊళ్లోనూ ఒకతె ఉంటుంది కదా అని నాకు తోచింది గానీ, అప్పుడు ఆ మాట అనలేకపోయాను. ఆ తర్వాత రెండు బి-షిఫ్టు వారాలు అప్ప సినిమాకి రానంటే రానంది. మేమూ బలవంతపెట్టలేదు.

ఓఝా రాలేదు. ఆ రాత్రి మామగారు వచ్చాక ఏం జరిగిందో మాకు గోడ అవతలినుంచి వినపడింది. అత్తగారి గొంతు అంత పైకి లేవడం అంతకుముందెప్పుడూ లేదు. మా ఊరి ఆడపిల్లని నా ఇంట్లో చీపురుతో కొట్టిస్తావా అని ఆవిడ అడిగిన మాట వీధి చివరిదాకా వెళ్లింది. మర్నాడు ఆయనే సైకిల్ తొక్కుకుంటూ నది అవతలికి వెళ్లి, వద్దని చెప్పి వచ్చాడు. పూజా సెలవులు కాగానే రత్నం శిక్షణలో చేరింది. అత్తగారే రిక్షాలో తీసుకెళ్లి దించింది.

శిక్షణ జరిగినన్నాళ్లూ ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లున్నట్టే ఉండేది. రత్నం హాస్టలు నుంచి సెలవుకి ఇంటికి వస్తే, మధ్యాహ్నం మగవాళ్లు లేని వేళ, అత్తగారు కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని పైడీ అని పిలిచి ఊరి కబుర్లు చెప్పేది. మామూలుగా కోడలితో చెప్పుకోని మాటలన్నీ పైడమ్మతో చెప్పేది. రత్నం వినేది. అత్తగారు నిజంగా నమ్మిందా, లేక తెలిసే అలా చేసిందా అని ఒకసారి అప్పని అడిగాను. అది మనం అడగకూడని ప్రశ్న అన్నట్టు చూసింది.

శిక్షణ ముగిసి రత్నం ఇంటికి వచ్చేసిన రోజు అప్పని, నన్ను పిలిచారు. ఆస్పత్రిలో ఉద్యోగం కూడా ఇస్తామన్నారట, కానీ ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చదువు వరకే కదా మాట. మామగారు చదువైపోయింది, ఇక చాలు అని ముందే అనేసి షిఫ్టుకి వెళ్లిపోయాడు. రత్నం కిటికీ దగ్గర కూర్చుంది, తలొంచుకుని. దెయ్యంగా కాదు, మామూలుగానే. అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుంది. బొట్టుపెట్టె తీసి బొట్టు పెట్టింది. జాకెట్టుగుడ్డ ఒళ్లో పెట్టింది. ఊరెళ్లే ఆడపిల్లకి పెట్టినట్టు పెట్టింది.

"సదువైపోనాది గదే పైడీ, ఎల్లిపోతావేటి?" అంది. రత్నం తలెత్తలేదు. "ఒట్టి సదువు సదివి ఏటి లాబం? ఉండిపో. ఉజ్జోగం కూడా సేసి ఎల్దువు గాని. ముసిలోడికి నాను సెప్తాను."

రత్నం ఒళ్లోని జాకెట్టుగుడ్డ రెండు చేతులా పట్టుకుంది. అత్తగారు జవాబు కోసమే చూస్తోంది. గుమ్మంలోంచి అప్ప గొంతు సవరించుకుంది.

"ఉంటాదంట" అంది.